బడిలో ఖగోళశాస్త్రం: టెలిస్కోపు కంటే ముందు నీడకర్ర

మాస్టారూ, మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: మీరు విశాఖపట్నంలో గాజువాక వైపు ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నారు. చిన్నప్పుడు డాబా మీద పడుకొని నక్షత్రాలను గుర్తుపట్టిన ఇష్టం ఉద్యోగంలో పడ్డాక మరుగునపడి, ఈమధ్య బీచ్ రోడ్డులో ఎవరో పెట్టిన టెలిస్కోపులో శనిగ్రహ వలయాలు చూశాక మళ్లీ మేలుకుంది. ఆ ఆసక్తిని 8, 9 తరగతుల పిల్లలకు అందించాలంటే ఏ టెలిస్కోపు కొనాలి, ముందుగా మీరు ఏం చదువుకోవాలి, రాత్రిపూట పిల్లలను ఉంచడానికి హెడ్మాస్టరు గారు ఒప్పుకోకపోతే దారి ఏమిటి, ఇంత వెలుగున్న నగరంలో అసలు ఏం కనిపిస్తుంది అని అడిగారు.

సూటిగా చెబుతాను. మొదటి సంవత్సరం టెలిస్కోపు కొనవద్దు. బడి ఆవరణలో ఒక మీటరు నిటారు కర్ర పాతి, ఏడాది పొడవునా మధ్యాహ్నపు నీడను పిల్లల చేతే కొలిపించండి. దానికి తోడుగా, ప్రతి విద్యార్థీ తన ఇంటి డాబా మీద నుంచో వీధి చివర నుంచో ఒక నెలపాటు చంద్రుణ్ణి చూసి నోటుపుస్తకంలో గుర్తు పెట్టుకునేలా చేయండి. ఈ రెండింటికీ డబ్బు అక్కర్లేదు, రాత్రి అనుమతి అక్కర్లేదు, చీకటి ఆకాశమూ అక్కర్లేదు.

ఎందుకంటే, నలభై మంది పిల్లలను ఒక టెలిస్కోపు ముందు వరుసలో నిలబెడితే ఒక్కొక్కరికి అర నిమిషం దక్కుతుంది. చూసిన బిడ్డ సంతోషిస్తుంది, నిజమే. కానీ ఏది చూడాలో నిర్ణయించింది మనం, టెలిస్కోపును అటు తిప్పింది మనం, అది శని అని చెప్పిందీ మనమే. విశాఖలో భౌతికశాస్త్రం బోధించి విరమించిన తరువాత కూడా బడిపిల్లలతో ఈ పని చేస్తూనే ఉన్నాను. ఇన్నేళ్లలో నేను గమనించిందేమిటంటే, రేపు ఏం జరుగుతుందో తానే లెక్కగట్టి, మరునాడు అది అలాగే జరగడం చూసిన విద్యార్థి మాత్రమే ఈ విషయాన్ని వదిలిపెట్టడు. ఆకాశం లెక్కకు లొంగుతుందన్న సంగతి అతని సొంత అనుభవం కావాలి. మనం ఏర్పాటు చేయవలసింది ఆ అనుభవాన్నే.

నీడకర్రతో మొదలుపెట్టడానికి విశాఖ చాలా అనువైన చోటు. మన అక్షాంశం సుమారు 17.7 డిగ్రీల ఉత్తరం, అంటే కర్కటరేఖకు దక్షిణాన ఉన్నాం. ఉత్తరార్ధగోళంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడని, నీడ ఉత్తరానికి పడుతుందని పిల్లలు చదువుకొని ఉంటారు. బడులు తెరిచే జూన్ నెలలో కర్ర పాతి చూడమనండి. అప్పుడు సూర్యుడు మనకు ఉత్తరంగా దాటుతాడు గనుక నీడ దక్షిణానికి పడుతుంది. జూన్ 21 ప్రాంతంలో మీటరు కర్రకు మధ్యాహ్నపు నీడ సుమారు 10 సెంటీమీటర్లు, అదీ సముద్రం వైపుకు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు ఇది చూసి, "సార్, పుస్తకం తప్పా, మన కర్ర తప్పా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. వారం వారం కొలుస్తూ ఉండమన్నాను. నీడ చిక్కిపోతూ వచ్చి, ఆగస్టు మొదటి వారంలో ఉత్తరం వైపుకు మళ్లినప్పుడు, పుస్తకంలోని వాక్యం ఎక్కడ నిజమో ఎక్కడ కాదో ఆమే తరగతికి వివరించింది. ఆ పాఠం నేను చెప్పి ఉంటే అంత బాగా వచ్చేది కాదు.

నీడ పూర్తిగా మాయమయ్యే రోజులు మన ఊరికి ఏడాదిలో రెండు వస్తాయి: మే 10, 11 తేదీల ప్రాంతంలో ఒకటి, ఆగస్టు 2 ప్రాంతంలో ఇంకొకటి. మొదటిది వేసవి సెలవుల్లో పోతుంది, రెండోది వానాకాలపు మబ్బుల్లో పడుతుంది. అయినా నిరాశపడనక్కర్లేదు. ఆ రోజుల్లో మీటరు కర్ర నీడ రోజుకు అర సెంటీమీటరు మేర మాత్రమే మారుతుంది గనుక, అటూ ఇటూ మూడు రోజుల్లో ఏ మధ్యాహ్నం ఎండ కాసినా మీకు దాదాపు అదే దృశ్యం దొరుకుతుంది. పైగా సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు ఉండటం వల్ల నీడ అంచు ఎలాగూ కొంత మసకగానే ఉంటుంది. ఆ మసక ఎందుకో పిల్లలే అడిగేదాకా ఆగండి.

కొలిచేటప్పుడు రెండు జాగ్రత్తలు ముఖ్యం. దారానికి బరువు కట్టి కర్ర నిలువును సరిచూసుకోవాలి, నేల చదునుగా ఉండాలి. రెండోది, గడియారంలో 12 అయితే మధ్యాహ్నం అయిందనుకోకూడదు. మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి విశాఖ కొద్దిగా తూర్పున ఉండటం వల్ల మనకు సూర్యుడు సుమారు 3 నిమిషాలు ముందే నడినెత్తి రేఖను దాటుతాడు. అంతేగాక భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, భూమి అక్షం వాలి ఉండటం అనే రెండు కారణాల చేత ఈ సమయం ఏడాదిలో ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటుంది: నవంబరు మొదట్లో 11:40కే మధ్యాహ్నం అయిపోతుంది, ఫిబ్రవరి మధ్యలో 12:11 దాకా కాదు. కాబట్టి 11:30 నుంచి 12:30 వరకు అయిదేసి నిమిషాలకు ఒక గుర్తు పెట్టించి, అన్నిటికన్నా పొట్టి నీడను తీసుకోండి. ఆ నీడ సరిగ్గా ఉత్తర దక్షిణాల దిశలో ఉంటుంది. కొలత పూర్తయ్యేసరికి ఆవరణలో దిక్కులు కూడా గీసేసినట్టవుతుంది.

సూర్యుడు భూమధ్యరేఖకు నేరుగా పైన ఉండే విషువత్తు రోజుల్లో, అంటే మార్చి 21న, సెప్టెంబరు 23న, ఆ నీడ 32 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ నిష్పత్తి నుంచి కోణం కడితే 17.7 డిగ్రీలు వస్తుంది, అంటే పిల్లలు తమ ఊరి అక్షాంశాన్ని ఒక కర్రతో కనుక్కున్నారన్నమాట. డిసెంబరు 22న నీడ సుమారు 87 సెంటీమీటర్లు, సంక్రాంతినాటికి 81. ఉత్తరాయణం మకర సంక్రాంతితో మొదలవుతుందని ఇంట్లో విన్న పిల్లలు అప్పటికే నీడ ఆరు సెంటీమీటర్లు తగ్గి, సూర్యుడు ముందే ఉత్తరానికి మళ్లాడని తెలియడం చూసి తప్పక ప్రశ్నిస్తారు. అప్పుడు మీరు భూ అక్షం నెమ్మదిగా దిశ మార్చుకోవడం గురించి, అది 72 ఏళ్లకు సుమారు ఒక డిగ్రీ అని, ఒకప్పుడు కలిసి ఉన్న ఆ రెండు తేదీలు శతాబ్దాలు గడిచే కొద్దీ విడిపోయాయని చెప్పవచ్చు. పెద్దల మాటను కొట్టివేసినట్టు కాకుండా, దాని వెనుక ఉన్న పాత పరిశీలనను గౌరవించినట్టు చెప్పడం మంచిది.

ఇక ఈ ప్రయోగాన్ని ఇంకొక మెట్టు పైకి తీసుకెళ్లే వీలు మనకు ప్రత్యేకంగా ఉంది. కాశీ దాదాపు మన రేఖాంశం మీదే, ఉత్తరాన 25.3 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. విషువత్తు నాడు అక్కడి మీటరు కర్ర నీడ సుమారు 47 సెంటీమీటర్లు. అక్కడి ఒక పాఠశాలతో ఫోనులో మాట్లాడుకొని ఒకే రోజు కొలిస్తే, రెండు కోణాల మధ్య తేడా 7.6 డిగ్రీలు వస్తుంది. పటం మీద రెండు ఊళ్ల మధ్య సూటి దూరం సుమారు 845 కిలోమీటర్లు. 360ని 7.6తో భాగించి ఆ దూరంతో గుణిస్తే భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు పలుకుతుంది. ఎరటోస్తనీస్ క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులో చేసిన పని ఇదే. తొమ్మిదో తరగతి గణితం దీనికి సరిపోతుంది. సెప్టెంబరు మనకు మబ్బుల నెల కాబట్టి మార్చి తేదీనే ఎంచుకోండి.

చంద్రుడి విషయంలో మీకు సిద్ధంగా ఉన్న పరికరం ఇంటి గోడ మీది తెలుగు క్యాలెండరు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం. ఆ రోజు నక్షత్రం అంటే చంద్రుడు ఆకాశంలో ఏ భాగంలో ఉన్నాడో చెప్పే గుర్తు. క్యాలెండరులో రోహిణి అని ఉన్న రాత్రి చంద్రుడి పక్కన ఎర్రగా మెరిసే నక్షత్రాన్ని వెతకమనండి. మరునాటికి చంద్రుడు దాన్ని దాటి తూర్పుకు జరిగి ఉంటాడు. రోజుకు 13 డిగ్రీల చొప్పున 27 రోజులకు పైచిలుకులో చుట్టు పూర్తిచేసే ఈ నడకను ఒక్క నెల గమనించిన పిల్లవాడికి 27 నక్షత్రాల ఏర్పాటు ఎందుకు వచ్చిందో మనం చెప్పనక్కర్లేదు. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు కొలుస్తుంది. కొలబద్దగా అది చాలు. పంచాంగంలోని ఫలాల భాగం గురించి పిల్లలు అడుగుతారు. పంచాంగం చెప్పే చంద్రుడి స్థానాన్ని మనం కంటితో సరిచూడగలిగాం, ఫలాన్ని అలా సరిచూసే పద్ధతి ఎవరూ చూపలేదు అని నేను చెబుతాను. అంతకు మించి వాదన పెట్టుకోను. తరగతి గదిలో ఇంటివాళ్లను తప్పుపడితే నష్టపోయేది పిల్లవాడే.

హెడ్మాస్టరు గారి అభ్యంతరం సహేతుకమైనదే. ఆడపిల్లలను రాత్రి ఎనిమిది దాకా బడిలో ఉంచి ఇంటికి పంపడం చిన్న బాధ్యత కాదు. అయితే మనం తూర్పు తీరంలో ఉన్నందువల్ల డిసెంబరులో సాయంత్రం 5:30లోపే సూర్యాస్తమయమై, 6:40కల్లా పూర్తి చీకటి పడుతుంది. బడి ముగిశాక పిల్లలను ఆపి, తల్లిదండ్రుల సమక్షంలో ఒక గంట కార్యక్రమం నడిపి, ఏడింటికల్లా పంపివేయవచ్చు. శుద్ధ పంచమి నుంచి దశమి మధ్య రోజులను ఎంచుకోండి. పున్నమి చంద్రుడి మీద నీడలు ఉండవు గనుక లోయలు, గుండ్రటి గోతులు తేలవు. సప్తమి, అష్టములనాడు వెలుగు చీకట్ల సరిహద్దు వెంట అవి స్పష్టంగా నిలుస్తాయి. మిగిలిన పరిశీలనలన్నీ ఇళ్ల నుంచే జరగాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా వెళ్లే సమయాలు ముందుగానే ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. సూర్యాస్తమయం తరువాత అది మూడు నాలుగు నిమిషాల పాటు, నగరపు వెలుగులోనూ తేటగా, మిణుకు లేకుండా సాగిపోతుంది. ఫలానా రోజు ఫలానా నిమిషానికి వాయవ్యం వైపు చూడమని చెబితే, మరునాడు ఉదయం ప్రార్థన సమయానికి సగం బడి దాని గురించే మాట్లాడుతుంది.

నగరపు వెలుగు సంగతి. నౌకాశ్రయం, పరిశ్రమలు, వీధిదీపాలు, వీటికి తోడు సముద్రపు తేమ కలిసి గాజువాక నుంచి పాలపుంత కనబడదు, ఇది ఒప్పుకోవలసిందే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తరువాత నగరమంతా రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, ఆకాశం తేటపడిన రాత్రుల్లో మా వీధి పిల్లలు పాలపుంతను చూసి అది మబ్బా అని అడిగారు. దాన్ని చూడాలంటే నవంబరు, ఫిబ్రవరి మధ్య అరకు లేదా లంబసింగి వెళ్లాలి. కానీ చంద్రుడు, శుక్రుడు, గురుడు, శని, ప్రధాన నక్షత్రాలు, సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కన అరుంధతి, ఇవన్నీ నగరంలోనూ కనిపిస్తాయి. అరుంధతిని వెతకడానికి ఏప్రిల్, మే సాయంత్రాలు అనువైనవి. పెళ్లిలో చూపించే ఆ నక్షత్రాన్ని నిజంగా చూసిన పెద్దలు ఇంట్లో ఎందరున్నారో కనుక్కుని రమ్మనండి.

వెలుగు కాలుష్యాన్నే పాఠంగా మార్చే పద్ధతి ఒకటి నాకు బాగా ఫలించింది. సంక్రాంతి సెలవులకు మన పిల్లల్లో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్లకు వెళతారు. ఆ రోజుల్లో సాయంత్రం వేళ ఆరుద్ర నక్షత్రం ఉండే ఓరియన్ సముదాయం తూర్పున పైకి వచ్చి ఉంటుంది. దాని నాలుగు మూలల నక్షత్రాల మధ్య ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో నగరంలో ఒకసారి, ఊళ్లో ఒకసారి, చంద్రుడు లేని వేళ లెక్కపెట్టి రాసుకురమ్మనండి. ఆ అంకెలన్నీ జిల్లా పటం మీద గుర్తిస్తే, ఎక్కడ ఎంత ఆకాశం పోగొట్టుకున్నామో పిల్లల కళ్లముందే తేలుతుంది. తాతలను, అమ్మమ్మలను కూడా అడగమనండి. వేగుచుక్కను, పిల్లలకోడిని (కృత్తికలను) చూసి వేళ చెప్పిన తరం ఇంకా పల్లెల్లో ఉంది, వేటకు వెళ్లే జాలరి కుటుంబాల్లోనూ ఉంది.

మీరు ఏం చదువుకోవాలన్నారు. ఖగోళ గోళం (ఆకాశాన్ని మన చుట్టూ ఉన్న గోళంగా ఊహించుకోవడం), దిగంశ ఉన్నతాంశాలు (ఒక చుక్క ఏ దిక్కున, ఎంత ఎత్తున ఉందో చెప్పే కోణాలు), సూర్యుడి వార్షిక గమనం, ఈ మూడూ స్థిరపడితే మిగతావి వాటంతట అవే వస్తాయి. ఆకాశాన్ని తెర మీద చూపే స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేరులో విశాఖపట్నాన్ని స్థలంగా పెట్టుకొని రోజూ కాసేపు చూడండి. విదేశీ పుస్తకాల్లోని నక్షత్ర పటాలను యథాతథంగా నమ్మవద్దు. వాటిలో చాలావరకు 40, 50 డిగ్రీల అక్షాంశాల కోసం గీసినవి. సప్తర్షి మండలం ఎన్నడూ అస్తమించదని వాటిలో ఉంటుంది, మనకు అది అస్తమిస్తుంది. అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో వెతికినా దొరకదు. ధ్రువనక్షత్రం మనకు ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తులోనే, తరచుగా కొండల మీది మసకలో ఉంటుంది. దానికి బదులు వాళ్లకు లేనివి మనకున్నాయి. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో దక్షిణాన రెండు పిడికిళ్ల ఎత్తులో అగస్త్య నక్షత్రం వెలుగుతుంది. మే నెలలో రుషికొండ తీరాన దక్షిణంగా సముద్రం మీదకు చూస్తే, గాలి తేటగా ఉన్న రోజున, త్రిశంకు అని మనవాళ్లు పిలిచే దక్షిణ శిలువ కనబడుతుంది. భూభ్రమణం దగ్గర ఆర్యభటుడి దృష్టాంతాన్ని వాడండి: ముందుకు సాగే పడవలోని మనిషికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు తోచినట్లే మనకు నక్షత్రాలు పడమరకు సాగుతున్నట్టు తోస్తాయని 499లో రచించిన ఆర్యభటీయంలో ఆయన చెప్పాడు. చేపల రేవు దగ్గర పెరిగిన పిల్లలకు ఇది వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది.

మన ఊరి చరిత్రను కూడా పిల్లలకు తప్పక చెప్పండి. గోడె వెంకట జగ్గారావు గారు మద్రాసు వేధశాలలో (ఆకాశాన్ని పరిశీలించే కేంద్రంలో) ఖగోళశాస్త్రజ్ఞుడు టి.జి. టేలర్ వద్ద నేర్చుకొని, 1840లో విశాఖలోని డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అక్కడినుంచి పరిశీలించారు. ఏ.వి.ఎన్. కళాశాల పేరులోని అక్షరాలు ఆయనవే. రోజూ ఆ దారిన బస్సులో వెళ్లే పిల్లలకు ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. శుక్రుడి అటువంటి సంక్రమణం మళ్లీ 2117లో గాని రాదు. బుధుడిది మాత్రం 2032 నవంబరు 13 మధ్యాహ్నం మన దేశం నుంచి కనిపిస్తుంది. మీ ఇప్పటి విద్యార్థులు అప్పటికి కళాశాలల్లో ఉంటారు.

గ్రహణాల గురించి ఒక హెచ్చరిక. సూర్యుణ్ణి నేరుగా చూడనివ్వవద్దు. ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్లద్దాలు, పసుపు నీళ్ల పళ్లెంలో ప్రతిబింబం, ఏదీ సురక్షితం కాదు. అట్టకు సూదితో బెజ్జం చేసి గోడ మీద పడే బింబాన్ని చూడటం అన్నిటికన్నా మేలైన పద్ధతి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేల మీదుగా సాగినప్పుడు భయంతో ఎందరో తలుపులు వేసుకొని ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ భయాన్ని ఉపన్యాసంతో పోగొట్టలేం. గ్రహణం వేళ పళ్లెంలో రోకలి నిలబడుతుందని పిల్లలు చెబితే, గ్రహణం లేని ఒక మామూలు సోమవారం తరగతిలో రోకలి తెప్పించి నిలబెట్టించండి. అడుగు చదునుగా ఉంటే నిలబడుతుంది. చంద్రగ్రహణం కంటితో చూడటంలో ఏ ప్రమాదమూ లేదు. 2028 డిసెంబరు 31 రాత్రి పదింటి ప్రాంతంలో మనకు సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది.

టెలిస్కోపు మాట రెండో ఏడాదికి. అప్పుడు కూడా ముందుగా 10×50 బైనాక్యులరు (పది రెట్లు పెద్దదిగా చూపేది, ముందు కటకం 50 మిల్లీమీటర్ల వెడల్పు), దానికొక స్టాండు కొనండి. చంద్రుడి గోతులు, కృత్తికలు, గురుడి నాలుగు పెద్ద ఉపగ్రహాలు దానితోనే కనిపిస్తాయి. గెలీలియో 1610 జనవరిలో చేసినట్టు, ఆ ఉపగ్రహాల స్థానాలను వారం పాటు పిల్లల చేత గీయించండి. అన్నిటికన్నా లోపలిదైన అయో రెండు రోజులు నిండకుండానే చుట్టు తిరిగేస్తుంది కాబట్టి మార్పు రోజురోజుకూ తెలుస్తుంది. శని వలయాలకు మాత్రం టెలిస్కోపు కావాలి. 2025లో అవి మన వైపు అంచుగా తిరిగి దాదాపు మాయమయ్యాయి, ఇప్పుడు 2032 వరకు ఏటికేడు విచ్చుకుంటాయి, కాబట్టి తొందరపడనక్కర్లేదు. పెట్టె మీద ఎన్ని వందల రెట్లు పెద్దదిగా చూపుతుందో రాసిన చవక పరికరాల జోలికి పోకండి. వాటి కాళ్లు వణుకుతాయి, గురుడు కటకంలో నిలవడు. 6 అంగుళాల దర్పణం ఉన్న డాబ్సోనియన్ (నేల మీది పీఠంపై అటూ ఇటూ తిప్పే సాదా దర్పణ టెలిస్కోపు) బడికి సరైనది. మన సముద్రపు గాలికి కటకాల మీద బూజు పడుతుంది. వాడిన తరువాత తేమ ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టి, రంగు మారిన పొట్లాలను వేడిచేసి మళ్లీ వాడుకోండి. బీరువాలో పెట్టి తాళం వేసి సైన్స్ ఫెయిర్ దాకా మరచిపోయిన పరికరాలు మన బడుల్లో చాలా ఉన్నాయి. తాళంచెవి, నెలకొకసారి తుడిచే బాధ్యత, రెండూ తొమ్మిదో తరగతి పిల్లలకే అప్పగించండి.